భద్రాచలం టీకా వార్త: మొదటి హెడ్డింగ్ ఎందుకు చావదు?

కిన్నెరసాని (ఖమ్మం)

మొన్న మా స్కూల్లో తల్లిదండ్రుల సమావేశం పెట్టాం. ఆడపిల్లల ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని పీహెచ్‌సీ నర్సమ్మను పిలిచాం. గర్భాశయ ముఖద్వార కాన్సర్ గురించి ఆవిడ బాగానే చెప్పుకొచ్చింది. అది రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా అనే మాట వినపడగానే వెనకాల ఒకాయన లేచి, "మన భద్రాచలం పిల్లల్ని పొట్టన పెట్టుకున్న సూది ఇదే కదా మేడమ్" అన్నాడు. అంతే, హాలంతా గుసగుసలు. ఇక ఆవిడ ఏం చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు. అయిపోయాక ఆయన్ని పక్కకు పిలిచి ఎక్కడ చదివారని అడిగాను. "చదవడమేంటి సార్, అందరికీ తెలిసిందేగా!" అన్నాడు.

నాకు తెలిసినంతవరకు జరిగింది ఇదీ. 2009 జూలైలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం, కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, పాత్ అనే అమెరికా సంస్థ కలిసి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు ఈ టీకా మొదలుపెట్టాయి. దాదాపు 14 వేల మంది, ఒక్కొక్కరికి మూడు డోసుల లెక్క. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో ఇంకో కంపెనీ టీకాతో ఇలాంటిదే నడిచింది. 2010 మొదట్లో పిల్లలు చనిపోతున్నారని వార్తలు వచ్చాయి. ఏప్రిల్‌లో కేంద్రం మొత్తం ఆపేయించింది.

ఆ తర్వాత ఏం తేలిందో మా ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. అప్పట్లో వార్తలు రాసినవాళ్ళు, డాక్టర్లు, ఉద్యమాల్లో తిరిగినవాళ్ళు ఇక్కడుంటే చెప్పండి. రాజకీయాలు మాట్లాడుకుందాం, తిట్టుకోవద్దు.

సబ్‌డెస్క్ (హైదరాబాద్)

ఆ రోజుల్లో నేను ఒక పేపర్ జిల్లా డెస్క్‌లో ఉన్నాను. ఏ పేపరని అడగొద్దు. ఇలాంటి వార్త ఎలా తయారవుతుందో చెప్తాను. బయటివాళ్ళు అనుకున్నట్టు ఎడిటర్ గదిలో కూర్చుని ఎవరూ కుట్ర చేయరు.

మండలానికి ఒక కంట్రిబ్యూటర్ ఉంటాడు. జీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి లైన్ అకౌంట్ కింద ఎంతో కొంత ఇస్తారు. పండగొస్తే యాడ్స్ టార్గెట్ అదనం. ఆశ్రమ పాఠశాల పిల్ల చనిపోయిందని అతనికి ఫోన్ వస్తుంది. బండేసుకుని వెళ్తాడు. తల్లి ఏడుస్తూ "మొన్ననే ఏదో సూది వేశారు బాబూ" అంటుంది. పిల్ల పేరు, ఊరు, ఎప్పుడు జబ్బు పడింది, సూది ఎప్పుడు వేశారు, అన్నీ రాస్తాడు. చివర్లో "దీనిపై వైద్యాధికారిని వివరణ కోరేందుకు ప్రయత్నించగా అందుబాటులోకి రాలేదు" అని ఒక వాక్యం. అది రాత్రి మా దగ్గరికి వస్తుంది, పేజీ వదలాల్సిన టైమ్ నెత్తి మీద ఉంటుంది. సబ్ ఎడిటర్ హెడ్డింగ్ పెడతాడు: "టీకా వేయించుకున్న బాలిక మృతి".

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం చూపించండి. టీకా వేయించుకుంది, నిజం. చనిపోయింది, అదీ నిజం. టీకా వల్లే అని మేం అనలేదు. అది పాఠకుడు తనంతట తను కలుపుకుంటాడు. కలుపుకుంటాడని తెలిసే రెండింటినీ ఒకే లైన్లో పెడతాం. ఈ హెడ్డింగ్ మీద ఏ కోర్టుకెళ్ళినా కేసు నిలవదు.

మర్నాడు పొద్దున్నే మిగతా పేపర్ల డెస్కుల నుంచి వాళ్ళ వాళ్ళ కంట్రిబ్యూటర్లకు ఫోన్లు: "మనం ఎందుకు మిస్సయ్యాం?" ఇక అందరూ పాత మరణాలు తవ్వుతారు. ఆ మూడు మండలాల్లో టీకా వేయించుకుని ఏ కారణంతో పోయినా ఆ పిల్ల ఈ లెక్కలోకి వచ్చేస్తుంది. రెండు మూడు రోజులకు జిల్లా పేజీ నుంచి మెయిన్‌కు ఎక్కుతుంది, సాయంత్రం ఛానెళ్ళలో చర్చ నడుస్తుంది. అది 2010 అని గుర్తుపెట్టుకోండి. తెలంగాణ ఉద్యమం భగ్గున మండుతోంది, రోశయ్య ప్రభుత్వానికి రోజూ ఏదో ఒక తలనొప్పి. ప్రభుత్వాన్ని తిట్టడానికి దొరికిన ఏ వార్తనైనా ఎవరో ఒకరు అందుకునే కాలం.

కేంద్రం వేసిన దర్యాప్తు కమిటీ నివేదిక 2011లో వచ్చింది. అప్పటికి ఎవరికి గుర్తు? ఢిల్లీ నుంచి వార్తాసంస్థ కాపీ వస్తే లోపలి పేజీలో సింగిల్ కాలమ్.

పల్లెవైద్యం (ఏలూరు)

సబ్‌డెస్క్ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఆ సింగిల్ కాలమ్‌లో ఏముందో నేను చెప్తాను.

రెండు రాష్ట్రాల్లో కలిపి 7 మరణాలను కమిటీ పరిశీలించింది. ఒక పిల్ల క్వారీ గుంతలో మునిగిపోయింది. ఒకరిది పాముకాటు. ఇద్దరు పురుగుల మందు తాగారు. ఒకరికి మలేరియా ముదిరింది. మిగిలిన ఇద్దరి విషయంలో కారణం అంత గట్టిగా తేలలేదు గానీ, టీకాకు ముడిపెట్టే ఆధారమూ దొరకలేదు.

గిరిజన ఏజెన్సీ ప్రాంతంలో పనిచేసినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యం లేదు. ఏ సూదీ వేయకుండా 14 వేల మంది పిల్లలను ఏడాది పాటు గమనించినా అక్కడ కొందరిని పోగొట్టుకుంటాం. వానాకాలం మలేరియా, పొలంలో పాము, ఇంట్లో అందుబాటులో పురుగుల మందు డబ్బా. మామూలు ఏడాదిలో ఆ చావులు పేపరెక్కవు. పక్కన టీకా అనే మాట ఉంది కాబట్టి ఎక్కాయి.

ఇంకో వైపు చూడండి. మన దేశంలో ఏటా లక్షా ఇరవై వేలకు పైగా ఆడవాళ్ళకు ఈ కాన్సర్ కొత్తగా బయటపడుతోంది. 75 వేలకు పైగా చనిపోతున్నారు. వాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో ఊళ్ళో, ఎక్కువగా నలభై, యాభై దాటాక, ఇంట్లో చెప్పుకోలేక, ఆలస్యంగా ఆస్పత్రికి వచ్చి పోతారు. పేపర్లో వస్తే శ్రద్ధాంజలి ప్రకటనగా వస్తారు, అదీ ఇంట్లోవాళ్ళు డబ్బు కడితే.

ఎర్రమందారం (భద్రాచలం)

మీడియా మీద రాళ్ళేసే ముందు ఒక్క మాట చెప్పండి. ఆ వార్తలే రాకపోతే ఈ బాగోతం బయటికొచ్చేదా?

2010 మార్చిలో మహిళా సంఘాల వాళ్ళు ఢిల్లీ నుంచి వచ్చి మా దగ్గర హాస్టళ్ళు తిరిగారు. ఏం టీకా వేస్తున్నారో పిల్లలకు తెలియదు, తల్లిదండ్రులకు అసలే తెలియదు. చేతిలో పెట్టిన కార్డు ఇంగ్లీషులో ఉంది. సీపీఎం నాయకురాలు బృందా కరత్ అప్పటి ఆరోగ్యమంత్రి గులాం నబీ ఆజాద్‌కు లేఖ రాశాకే ఢిల్లీలో కదలిక వచ్చింది.

డాక్టర్ గారు కమిటీ రిపోర్టులో సగమే చెప్పారు. మిగతా సగం నేను చెప్తా. మన రాష్ట్రంలో చూసిన అంగీకార పత్రాలు 9,543. అందులో 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లది, హెడ్మాస్టర్లది. 1,948 మీద వేలిముద్రలు. వార్డెన్లే గార్డియన్లుగా సంతకం పెట్టేయొచ్చని ప్రభుత్వమే సర్క్యులర్ ఇచ్చింది. మందు కంపెనీల టీకా, విదేశీ సంస్థ ప్రాజెక్టు, కోయ పిల్లల చేతులు, వార్డెన్ సంతకం. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన 72వ నివేదికలో దుమ్ము దులిపింది. నిజానికి ఇది ప్రయోగమేననీ, పేరు మార్చి ప్రయోగాలకుండే నిబంధనలను తప్పించుకున్నారనీ రాసింది. టీకా మంచిదైనంత మాత్రాన ఇది మంచిదైపోతుందా?

హైదరాబాద్ కార్పొరేట్ స్కూల్లో పిల్లలకు ప్రిన్సిపాల్ సంతకంతో సూది వేయగలరా? వేస్తే ఆ రోజు సాయంత్రానికి స్కూలు అద్దాలు మిగులుతాయా?

సబ్‌డెస్క్ (హైదరాబాద్)

అమ్మా ఎర్రమందారం గారూ, మీ మాటకు నేను ఎదురు చెప్పను. నా బాధ కూడా అదే. అసలు వార్త మీరు చెప్పిన ఆ 2,763 సంతకాలు. అది ఎందుకు బ్యానర్ కాలేదో ఆలోచించండి.

మరణం వార్తకు ఒక ఫోన్, ఒక ఫొటో చాలు. సంతకాల వార్త రాయాలంటే ఒక మనిషి నాలుగు హాస్టళ్ళు తిరగాలి, రిజిస్టర్లు చూడాలి, సర్క్యులర్ కాపీ సంపాదించాలి. లైన్ అకౌంట్ మీద బతికేవాడికి ఆ తీరిక ఎవరిస్తారు? కాబట్టి తేలిగ్గా దొరికేది ముందు వచ్చింది, గట్టిది వెనకబడింది.

దాని ఫలితం చూడండి. "టీకా చంపింది" అన్నది నిలబడలేదు. అది నిలబడకపోవడంతో అధికారులు ఊపిరి పీల్చుకున్నారు. "చూశారా, అంతా పుకారే" అనేశారు. పుకారుతో పాటు సంతకాల సంగతీ కొట్టుకుపోయింది. తప్పు చేసింది పద్ధతి, శిక్ష పడింది టీకాకు. మీ మండలంలో ఈరోజు ఎవర్నైనా అడగండి. సూది అంటే భయపడతారు. వార్డెన్ సంతకం పెట్టాడన్న సంగతి ఎంతమందికి గుర్తుంది?

ఎర్రమందారం (భద్రాచలం)

గుర్తు లేదు. అది ఒప్పుకుంటా. అయినా మొదటి వార్త రాసినవాడిని నేను తప్పుపట్టను. ఫోన్ ఎత్తని వైద్యాధికారిని తప్పుపడతా.

బుల్లెట్‌బాబు

మీరంతా ఎంత చదివినా అంతే. ఇదంతా ఫారిన్ కంపెనీల ప్లాన్. పిల్లలు పుట్టకుండా చేయడానికే ఈ సూదులు. నా దగ్గర వీడియో ఉంది. ఇంగ్లీషోడే చెప్పాడు.

పల్లెవైద్యం (ఏలూరు)

బాబూ, పోలియో చుక్కలకు ఇదే చెప్పారు, కొవిడ్ టీకాకు ఇదే చెప్పారు. కనీసం కథ మార్చండి.

మోడరేటర్

బుల్లెట్‌బాబు గారూ, వీడియో లింకులు తీసేశాం. పిల్లలు పుట్టరని చెప్పే అధ్యయనం ఏదైనా ఉంటే పేరు పెట్టండి, చర్చిస్తాం. లేకపోతే ఈ చర్చను ముందుకు సాగనివ్వండి.

యొకొహామా తెలుగు (జపాన్)

ఇది మన దగ్గర చదువులేక వచ్చిన గొడవ అనుకునేవాళ్ళ కోసం ఇక్కడి సంగతి రాస్తున్నాను.

జపాన్‌లో 2013 ఏప్రిల్‌లో ఈ టీకాను జాతీయ కార్యక్రమంలో చేర్చారు. అప్పటికే 1990ల రెండో సగంలో పుట్టిన ఆడపిల్లల్లో దాదాపు 70 శాతం మంది వేయించుకున్నారు. టీకా తర్వాత చేతులు కాళ్ళు కొట్టుకుంటున్న అమ్మాయిల దృశ్యాలు టీవీల్లో వచ్చాయి. పదే పదే వచ్చాయి. మూడు నెలలు తిరక్కుండానే, జూన్‌లో, ప్రభుత్వం "మేం గట్టిగా సిఫారసు చేయడం ఆపుతున్నాం" అంది. నిషేధం కాదు. కావాలంటే ఉచితంగానే వేస్తారు. కానీ ఇంటికి ఉత్తరం రావడం ఆగిపోయింది. 70 శాతం కాస్తా 1 శాతం కంటే కిందికి పడిపోయింది. ప్రభుత్వం మళ్ళీ నోరు విప్పడానికి 2022 ఏప్రిల్ దాకా పట్టింది.

నూటికి నూరు మందీ చదువుకున్న దేశం, రోజూ పేపరు చదివే దేశం. మా ఆవిడ స్నేహితురాళ్ళలో డిగ్రీలు చేసిన తల్లులు కూడా ఇప్పటికీ ఆ టీవీ దృశ్యాల గురించే మాట్లాడతారు. ఇక్కడ మీడియా చేసిన దానికన్నా ప్రభుత్వం మౌనంగా ఉండటమే ఎక్కువ చెరుపు చేసిందని నా అభిప్రాయం. టీవీ వాళ్ళు నెలకో కొత్త బొమ్మ చూపిస్తారు, పాతది మర్చిపోతారు. ప్రభుత్వం తొమ్మిదేళ్ళు ఏమీ అనకపోతే జనం ఆ పాత బొమ్మ దగ్గరే ఆగిపోతారు.

మృగశిర (నెల్లూరు)

అందరూ భయపెట్టే వార్తల గురించే మాట్లాడుతున్నారు. ఆశపెట్టే వార్తల సంగతేంటి? మా జిల్లా కథ వినండి.

2021 మే. కొవిడ్ రెండో వేవ్. 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ సరఫరాకు అంతరాయం కలిగి 11 మంది పోయారు. ఊళ్ళో ఎవరింట్లో చూసినా జ్వరమే, బెడ్ దొరకదు. అలాంటప్పుడు ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య గారు కొవిడ్‌కు ఉచితంగా నాటు మందిస్తున్నారని ఫోన్లలో వీడియోలు తిరిగాయి. ఆయన మీద నాకు కోపం లేదు. డబ్బు అడగలేదు, ఎవర్నీ రమ్మని పిలవలేదు.

మే 21న చూడాల్సింది. కృష్ణపట్నం పోర్టు రోడ్డు మీద కిలోమీటర్ల కొద్దీ కార్లు, అంబులెన్సులు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టాలతో మనుషులు. పక్కపక్కనే లైవ్ వ్యాన్లు. భౌతిక దూరం పాటించండని స్క్రోలింగ్ వేస్తూనే, పైన యాంకరమ్మ "ఇదిగో చూడండి, ఎంత నమ్మకమో" అంటోంది. కంట్లో చుక్కలు పడగానే లేచి కూర్చున్నానని ఒక పెద్దాయన చెప్పిన వీడియో చూడని తెలుగు ఇల్లు ఉందంటే నమ్మను. ఆ పెద్దాయన కొద్ది రోజులకే ఆస్పత్రిలో పోయారు. ఆ వార్త ఎంతమంది చూశారు? చేతులెత్తండి.

ఇక రాజకీయం. కాదని చెప్పే ధైర్యం ఏ పార్టీకీ లేకపోయింది. స్థానిక ఎమ్మెల్యే వెంట నిలబడ్డారు, ప్రతిపక్షం "మందు ఎందుకు ఆపారు" అని నిలదీసింది, ఉపరాష్ట్రపతి దాకా ఫోన్లు వెళ్ళాయి. ఆయుర్వేదం లాంటి వైద్యాలను చూసే ఆయుష్ శాఖ వాళ్ళు వచ్చి చూసి, వాడిన దినుసుల్లో హానికరమైనవి కనిపించలేదన్నారు. ఛానెళ్ళలో అది కాస్తా "ఆనందయ్య మందుకు గ్రీన్ సిగ్నల్" అయింది. హాని లేదనడం వేరు, పనిచేస్తుందనడం వేరు. మే 31న ప్రభుత్వం కంటి చుక్కలను పక్కనపెట్టి మిగతా మందుకు అనుమతిచ్చింది. కొవిడ్ తగ్గుతుందనడానికి నిర్ధారణ లేదనీ, డాక్టర్లు రాసిన మందులు మానొద్దనీ కూడా అందులోనే చెప్పింది. ఆ ముక్కను ఏ ఛానెల్ పెద్దక్షరాలతో వేసింది?

అడ్డుచెప్పిన, సైన్సు ప్రచారం చేసే జనవిజ్ఞాన వేదిక వాళ్ళను చర్చల్లోకి పిలిచి, ఎదురుగా ముగ్గుర్ని కూర్చోబెట్టి, "పేదవాడి మందంటే మీకెందుకంత కడుపుమంట?" అని అడిగించారు. ఉబ్బసానికిచ్చే మృగశిర కార్తె చేప మందు దగ్గరా ఏళ్ళ తరబడి ఇదే తంతు. కోర్టుల్లో గొడవయ్యాక మందు పోయి ప్రసాదమైంది. నాంపల్లి గ్రౌండ్స్ నుంచి లైవ్ మాత్రం అలాగే ఉంది.

అంటే 2010లో పనిచేసే టీకాను పాతిపెట్టారు, 2021లో రుజువులేని మందును నెత్తిన పెట్టుకున్నారు. రెండింటికీ వాడింది ఒకే కెమెరా: ఒక ఏడుస్తున్న ముఖం, లేదా ఒక నవ్వుతున్న ముఖం.

సబ్‌డెస్క్ (హైదరాబాద్)

నూటికి నూరుపాళ్ళు. టీవీకి లెక్కలు పట్టవు, ముఖం కావాలి. "14 వేల మందిలో" అనే మాట చెప్పడానికి మూడు సెకన్లు చాలు, కానీ ఆ మూడు సెకన్లు తెర మీద ఏం చూపించాలి?

పాతరేడియో (తెనాలి)

మీరు ఛానెళ్ళను తిడుతున్నారు గానీ, ఛానెళ్ళు లేని రోజుల్లో మేమేం తక్కువ తినలేదు. 1979లో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం పడుతుందని రేడియోలో రోజూ చెప్పేవాళ్ళు. పేపర్లో మ్యాపులు. ఎక్కడ పడుతుందో ముందుగా కచ్చితంగా చెప్పలేమని శాస్త్రవేత్తలు నిజాయితీగా చెప్తే, "ఎక్కడైనా పడొచ్చట" అని మా వీధిలో అర్థం చేసుకున్నారు. అక్కడి నుంచి "మన మీదే పడుతుంది" అనడానికి ఒక్క పూట పట్టింది. పోయేవాళ్ళం ఎలాగూ పోతాం కదా అని కోళ్ళు, మేకలు కోసుకు తిన్నారు. దాచుకున్న డబ్బులు తీసి సినిమాలు చూశారు. జూలై 11న అది హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియాలోనూ పడింది. మర్నాడు ఊళ్ళో కోడి కూత లేదు.

1995 సెప్టెంబర్ 21న వినాయకుడు పాలు తాగినప్పుడు కూడా ఇరవై నాలుగు గంటల తెలుగు వార్తా ఛానెల్ ఒక్కటీ లేదు. ల్యాండ్‌లైన్ల మీదే దేశమంతా పాకింది. కాబట్టి పాపమంతా టీవీ వాళ్ళదే అంటే ఒప్పుకోను. తిలా పాపం తలా పిడికెడు.

మృగశిర (నెల్లూరు)

బాబాయ్ గారూ, ఆ రోజుల్లో కోళ్ళు పోయాయి. ఇప్పుడు మనుషులు పోతున్నారు. అదీ తేడా.

నల్లకోటు (విజయవాడ)

ఒక చిన్న విషయం. భద్రాచలం కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. పార్లమెంటరీ సంఘం నివేదికను పిటిషనర్లు ఆధారంగా చూపిస్తే, అసలు ఆ నివేదికను కోర్టు చూడొచ్చా, చూస్తే పార్లమెంటు హక్కులకు భంగమా అని ప్రశ్న వచ్చింది. ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం 2018 మే 9న తేల్చింది: నివేదికను చూడొచ్చు, ఆధారం చేసుకోవచ్చు, కానీ దాని తప్పొప్పులను కోర్టులో ప్రశ్నించకూడదు. లా కాలేజీల్లో ఇప్పుడు ఈ తీర్పును పార్లమెంటు ప్రత్యేక హక్కుల పాఠంగా చెప్తారు. అందులో హాస్టల్ పిల్లలున్నారని చాలామంది విద్యార్థులకు తెలియదు. మా జూనియర్లను అడిగి చూశాను, తెల్లమొహం వేశారు.

పల్లెవైద్యం (ఏలూరు)

ఇంకో మలుపుంది. ఇది మన మీడియాలో దాదాపు రాలేదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

సరిగ్గా అదే సమయంలో, 2009లోనే, ఇంకో పెద్ద అధ్యయనం విడిగా నడుస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన విభాగం ఆధ్వర్యంలో దేశంలోని కొన్ని కేంద్రాల్లో, అందులో మన హైదరాబాద్ ఎంఎన్‌జే కాన్సర్ ఆస్పత్రి కూడా ఉంది, మూడు డోసులకు బదులు రెండు డోసులు సరిపోతాయేమో చూద్దామని. 20 వేల మందికి వేద్దామనుకున్నారు. 2010 ఏప్రిల్‌లో ఖమ్మం గొడవతో ప్రభుత్వం అన్నింటితో పాటు దీన్నీ ఆపేయించింది. అప్పటికి 17,729 మందికి కనీసం ఒక డోసు పడింది. కొందరికి మూడూ పూర్తయ్యాయి, కొందరికి రెండు, దాదాపు ఐదు వేల మందికి ఒక్కటే పడి ఆగిపోయింది.

పరిశోధకులు ఆ పిల్లలను వదిలిపెట్టలేదు. ఏళ్ళ తరబడి పరీక్షలు చేస్తూ వచ్చారు. చూస్తే ఒక్క డోసు పడిన వాళ్ళకు కూడా కాన్సర్‌కు ముఖ్య కారణమైన రెండు రకాల వైరస్‌ల నుంచి మూడు డోసుల వాళ్ళతో సమానంగా రక్షణ దొరుకుతోంది! ఇలాంటి అధ్యయనాన్ని కావాలని ఎవరూ మొదలుపెట్టి ఉండేవాళ్ళు కాదు. మూడు డోసులు అవసరమనుకునే కాలంలో పిల్లలకు ఒక్కటే వేసి వదిలేస్తామంటే ఏ నైతిక కమిటీ ఒప్పుకుంటుంది? గొడవ వల్ల అనుకోకుండా జరిగిపోయింది. తర్వాత కెన్యా లాంటి చోట్ల జరిగిన ప్రయోగాలూ దీన్ని బలపరిచాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఒక్క డోసు పద్ధతికి ఒప్పుకున్నారు. మూడు సూదుల ఖర్చు పెట్టలేని దేశాలకు ఇది ఎంత పెద్ద విషయమో చెప్పక్కర్లేదు.

మన గొడవ నుంచి పుట్టిన ఆధారం ప్రపంచానికి దారి చూపింది. మన దగ్గర మాత్రం ఇంకా 2010 హెడ్డింగే నడుస్తోంది.

కిన్నెరసాని (ఖమ్మం)

ఇది నాకు అస్సలు తెలియదు డాక్టర్ గారూ. ఇంత మంచి వార్త ఏ తెలుగు పేపర్లోనూ బ్యానర్‌గా నేను చూడలేదు. ఎందుకంటారు?

సబ్‌డెస్క్ (హైదరాబాద్)

సరే, నేను ఆ రోజు నైట్ షిఫ్ట్‌లో ఉన్నాననుకోండి. మీరే హెడ్డింగ్ ఇవ్వండి. మూడు కాలమ్‌లు, రెండు లైన్లకు మించకూడదు.

మృగశిర (నెల్లూరు)

"ఆపేసిన పరిశోధనే దారి చూపింది"

సబ్‌డెస్క్ (హైదరాబాద్)

ఏ పరిశోధన, ఎక్కడి దారి? పాఠకుడు పేజీ తిప్పేస్తాడు.

యొకొహామా తెలుగు (జపాన్)

"కాన్సర్ టీకా ఒక్క డోసు చాలు"

సబ్‌డెస్క్ (హైదరాబాద్)

బాగుంది. కానీ ఇది చదివి అన్ని కాన్సర్లకూ టీకా వచ్చేసిందనుకుని మర్నాడు ఎంఎన్‌జే ముందు క్యూ కడతారు. డాక్టర్ గారు మమ్మల్ని తిడతారు.

ఎర్రమందారం (భద్రాచలం)

"భద్రాచలం పిల్లలు ప్రపంచానికి నేర్పిన పాఠం"

పల్లెవైద్యం (ఏలూరు)

అమ్మా, ఆ అధ్యయనం వేరు, భద్రాచలం ప్రాజెక్టు వేరు. ఇప్పుడే కదా చెప్పాను.

సబ్‌డెస్క్ (హైదరాబాద్)

చూశారుగా. ఇంతమంది చదువుకున్నవాళ్ళు, టైమ్ ఒత్తిడి లేకుండా, ప్రయత్నిస్తే ఇదీ పరిస్థితి. ఎర్రమందారం గారి హెడ్డింగ్ మాత్రం డెస్క్‌లో పాసైపోయేది, ఒట్టు.

కిన్నెరసాని (ఖమ్మం)

నవ్వొచ్చింది గానీ, నా తలనొప్పి అలాగే ఉంది. మా హాస్టల్ పిల్లలకు ఈ టీకా వేయించాలంటే రేపు ఏం చేయాలి? ఎర్రమందారం గారూ, మీరు అడ్డుపడతారా?

ఎర్రమందారం (భద్రాచలం)

టీకాకు అడ్డుపడను. వార్డెన్ సంతకానికి అడ్డుపడతా. దసరా సెలవులకు తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకెళ్ళడానికి హాస్టల్‌కు వస్తారు కదా, ఆ రోజు కూర్చోబెట్టి చెప్పండి. తెలుగు సరిగ్గా రాని ముసలివాళ్ళు ఉంటారు, కోయలో చెప్పే మనిషిని పెట్టండి. 2010లో ఏం జరిగిందో కూడా చెప్పండి, దాచొద్దు. దాస్తే వెనక బెంచీ ఆయన లేచి చెప్తాడు, అప్పుడు ఇంకెవరూ మీ మాట నమ్మరు. వద్దన్నవాళ్ళను వదిలేయండి. టార్గెట్లు పెట్టుకున్నారంటే మాత్రం నేనే వచ్చి ధర్నా చేస్తా.

పల్లెవైద్యం (ఏలూరు)

నేనూ ఒకటి కలుపుతాను. సూది వేశాక పిల్లల్ని పావుగంట కూర్చోబెట్టండి, వీలైతే పడుకోబెట్టండి. ఈ వయసు పిల్లలు సూది భయానికే కళ్ళు తిరిగి పడతారు. ఏ సూదికైనా అంతే. హాల్లో అందరి ముందూ ఒక పిల్ల పడితే, అది చూసి పక్కన ఇద్దరు ముగ్గురు పడతారు. ఎవరో ఒకరు ఫోన్ తీస్తారు. నీళ్ళు తాగి వాళ్ళు లేచి కూర్చునేలోపే "టీకా వికటించి విద్యార్థినులకు అస్వస్థత" అని థంబ్‌నెయిల్ తయారవుతుంది. అందుకే వేసే గది వేరు, కూర్చునే గది వేరు ఉండాలి. పొద్దున్నే టిఫిన్ పెట్టి తీసుకురండి.

సబ్‌డెస్క్ (హైదరాబాద్)

ఆ రోజు డాక్టర్ ఫోన్ ఆన్‌లో ఉండాలి. మండల విలేకరులందరికీ ముందే నంబరివ్వండి. ఏదైనా జరిగితే తెలియదన్నా సరే, "చూస్తున్నాం, సాయంత్రం ఆరింటికి చెప్తాం" అనండి. ఆరింటికి చెప్పండి. మా వాళ్ళు సగం మంది ఆగుతారు. ఆగని సగం ఎలాగూ ఆగరు.

కొత్తపేట గృహిణి

ఇప్పుడే ఈ చర్చంతా చదివాను. మా పాపకు 11 ఏళ్ళు. ఇది బయట వేయిస్తే ఎంతవుతుందండి? 2024 బడ్జెట్‌లో ఏదో చెప్పినట్టు గుర్తు.

పల్లెవైద్యం (ఏలూరు)

అవునమ్మా, 2024 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామన్నారు. ఆ మర్నాడే ఒక నటి ఈ కాన్సర్‌తో చనిపోయిందని ఉత్తుత్తి ప్రకటన వేయించుకుంది, ఇంకో రోజుకు బతికే ఉన్నానంది. దేశమంతా ఆ గోలలో పడి బడ్జెట్ మాట మరుగున పడింది. మన దేశంలోనే తయారై 2022లో అనుమతి వచ్చిన టీకా 2023లో బయట డోసు రెండు వేల ప్రాంతంలో ఉండేది, విదేశీవి ఎక్కువ. ముందు మీ పీహెచ్‌సీలో అడగండి, లేదంటేనే బయటికి వెళ్ళండి. పాపకు అలర్జీలేమైనా ఉంటే డాక్టర్‌కు చెప్పడం మర్చిపోవద్దు.